హెడ్డుకెక్కిన ఎణ్ణె

ఒకచోట కుదురుగా నిలబడటం చేతగానివాళ్ల పని అని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుండేది. అప్పుడే మీసం దిద్దుకోవడం నేర్చిన వయసు. తెలుగూ కన్నడమూ కలిసి నడిచే చింతామణిలో మా బావ, అంటే అక్క భర్త, నడిపే పైపులూ పంపుసెట్టు సామాన్ల అంగట్లో పనిచేసేవాణ్ని. (ఈ 'పనిచేసేవాణ్ని' అన్న మాట చదివితే మా బావ ఇప్పటికీ నవ్వుతాడు.) గిరాకీ వచ్చి అర అంగుళం వాల్వు అడిగితే, అది తీసేలోగా నేను వీధిలోకి తొంగిచూసి, ఫోను చూసి, అద్దంలో నా ముఖం చూసుకుని, చివరికి ముప్పావు అంగుళంది చేతిలో పెట్టేవాణ్ని. "వీని కాళ్లల్లో చక్రాలుండాయి, తలకాయలో బ్రేకే లేదు" అనేది అక్క. తోడబుట్టింది గనక మెత్తగా అనేది. బావ అనే మాటలు ఇక్కడ రాయను.

అలాంటి నాకు, బావ బాగేపల్లిలో రెండో అంగడి తెరవబోతున్నాడని తెలిసిన రోజు నుంచి నిద్ర పట్టలేదు. ఆ అంగడి నాకే అప్పజెప్పాలి. నేను అడిగాను, అక్క చేత అడిగించాను, అన్నం ముందు కూర్చుని అలిగాను. చివరికి బావ విసిగిపోయి తన బండి తాళంచెవి తీసి నా ముందు పెట్టాడు. ఆ బండంటే ఆయనకు ప్రాణం. ఎవరైనా దాని సీటు మీద చెయ్యి ఆనించి మాట్లాడితే, ఆ చెయ్యి తీసేదాకా ఆయనకు మాట వినబడదు. "బాగేపల్లికి పోయి, రంగేసేవాళ్లకి అంగడి చూపించి, పొద్దు మునిగేలోగా నా బండిని ఎట్లిచ్చినానో అట్లే తెచ్చియ్యి. తెస్తే ఆ అంగడి నీది. దాని మింద ఒక్క గీత పడినా ఇట్లే నా పక్కన కూర్చోని వాల్వులు తుడుచుకుంటా ఉండు" అన్నాడు.

బయల్దేరినవాణ్ని తిన్నగా పోవచ్చు కదా. మురుగమల్ల దగ్గర ఊరికే ఆగాను. చేళూరులో టీ తాగడానికి ఆగి, తాగకుండానే లేచాను. చాకవేలు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్కన టమాటా తోట, దాని వెనక గుట్ట, వాటి మీద ఎండ చక్కగా పడుతోంది. కాబోయే అంగడి యజమాని బండికి ఆనుకుని ఒక ఫోటో దిగకపోతే ఎట్లా అనిపించింది. సైడుస్టాండు వేసి, నాలుగడుగులు వెనక్కి నడిచి, ఫోను ఎక్కడ ఆనించాలా అని చూస్తుండగా, స్టాండు మెత్తటి మట్టిలోకి దిగబడింది. బండి నా కళ్లముందే, ముద్ద తిన్న పెద్దమనిషి అరుగు మీద పక్కకు ఒరిగినంత నిదానంగా ఒరిగి, పడుకుంది.

ఎత్తడానికి వంగాను. "ఎత్తాకప్పా! ఎత్తాకు!" అని, ఎత్తొద్దని తోటలోంచి కేక. టమాటాలు కోస్తున్న ఒక అవ్వ కొంగు దోపుకుని పరుగున వచ్చింది.

"ఎవురన్నా తోసినారా?"

"లేదవ్వా. దానంతట అదే పడిపాయ."

"అదే చెప్తాండా! నిలబడిన బండి నిలబడినట్లే పడిందంటే అది ఉత్త పడటం గాదు నాయనా, దిష్టి. దిష్టి తియ్యకుండా ఎత్తితే మళ్లీ పడతాది. అప్పుడు దాని మింద నువ్వుంటావు."

మామూలు రోజైతే నవ్వేవాణ్ని. ఆ రోజు మాత్రం బాగేపల్లి అంగడంతా ఆ రెండు చక్రాల మీదే ఉంది. "సరే అవ్వా, తియ్యి" అన్నాను. అవ్వ ఉప్పూ మిరపకాయలూ తేవడానికి ఇంటికి పోయింది. ఉప్పు దొరికిందట, అగ్గిపెట్టె దొరకలేదట. దాని కోసం పక్కింటికి పోతే అక్కడ ఎవరికో కాన్పు కబురు వచ్చిందట. ఇవన్నీ ఆమె తిరిగొచ్చాక తీరిగ్గా చెప్పింది. అంతసేపూ నేను పడుకున్న బండి పక్కన చేతులు కట్టుకుని, రాయిలా నిలబడి ఉన్నాను. జీవితంలో మొదటిసారి కుదురుగా నిలబడ్డాను, అదీ నిలబడకూడని చోట. (పక్కకు పడిన బండిని వెంటనే ఎత్తాలని, లేకపోతే అడుగునుండే ఆయిలు తనకు సంబంధం లేని చోట్లకంతా పాకుతుందని నాకు అప్పటికి తెలియదు.)

అవ్వ బండి చుట్టూ పిడికిలి తిప్పి, ఉమ్మించి, నేను పెట్రోలు వాసన వస్తోందని బతిమాలితే రోడ్డు అవతలికి పోయి మిరపకాయలు కాల్చింది. ఇద్దరం ముక్కులు పెట్టి చూశాం. ఘాటు లేదు, తుమ్ము లేదు. "చూసినావా, ఎంత దిష్టి ఉండాదో! ఇన్ని కాల్చినా కమురు రాలా" అంది. మిరపకాయలు కాలితే ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టని మా వైపు లెక్క. తర్వాత ఇద్దరం బండిని ఎత్తాం. మెత్తటి మట్టి పుణ్యాన గీత కూడా పడలేదు. ప్రాణం లేచొచ్చి స్టార్టు చేశాను. మొదట దగ్గింది, ఆపైన మొరాయించింది, చివరికి అందుకుంది. అందుకోగానే వెనక గొట్టంలోంచి తెల్లగా, నీలంగా, పొగ! టమాటా తోట కనబడలేదు, గుట్ట కనబడలేదు, అవ్వ కూడా కనబడలేదు. ఆ పొగలోంచి ఆమె దగ్గు మాత్రం వినబడింది. "అదో! ఇప్పుడొచ్చె ఘాటు! పోతాండాది నాయనా దిష్టి, పోనీ, పోనీ!"

ఆ దిష్టి బాగేపల్లి దాకా పోతూనే ఉంది. దారిలో ఒకాయన "ఏమప్పా, దోమలకి కొడతాండావా?" అన్నాడు. నేను రెండు ఫర్లాంగులకొకసారి ఆగి, వెనక్కి పోయి, వంగి, పొగను పరీక్షించాను. ఫోనులో చూసిన వీడియోల జ్ఞానం నాకు దండిగా ఉంది. తెల్ల పొగైతే నీళ్లు, నీలమైతే ఆయిలు, నల్లదైతే పెట్రోలు. ఎండలో నిలబడి చూస్తే తెలుపు, నీడలో నీలం, నా భయంలో నలుపు. మూడు రోగాలూ ఉన్నాయని తేల్చుకుని, రంగేసేవాళ్ల సంగతి మరిచి, బస్టాండు వెనక గ్రీజన్న దగ్గరికి తోలాను.

గ్రీజన్న గౌరిబిదనూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మెకానిక్కు. తెలుగు వింటాడు, కన్నడంలో జవాబిస్తాడు. పొగ చూసి మొదట అడిగిన మాట, "గాడి బిద్దిత్తా?" బండి పడిందా అని. ఆ ఒక్క ప్రశ్నకు నిజం చెప్పుంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ పడిందని నా నోటితో ఒప్పుకుంటే అంగడి కూడా పడిపోయినట్టే అనిపించి, "లేదన్నా" అన్నాను. పడకుండానే ఇంత పొగంటే గ్రీజన్నకు తోచిన దారి ఒకటే. పిస్టను రింగులు పోయాయి, ఇంజిను దించాలి, బండి ఇక్కడే ఉండనీ అన్నాడు. నాకు కాళ్లు నిలవలేదు. అటు నడిచాను, ఇటు నడిచాను. పక్కనున్న తోపుడు బండిలో మిరపకాయ బజ్జీలు కొని, ఏం తింటున్నానో తెలియకుండా తిన్నాను. ఆయన అటు తిరిగినప్పుడల్లా, తగ్గిందేమో చూద్దామని బండి స్టార్టు చేశాను. "సుమ్మనిరప్పా!" అని, ఊరికే ఉండమని ఆయన కసురుకున్నాడు. బావ ఫోను మోగింది, ఎత్తలేదు. మళ్లీ మోగింది. అప్పుడే గ్రీజన్న స్పానరు తీసుకుని ఇంజిను బోల్టు మీద పెట్టాడు. బావ ప్రాణానికే పెట్టినట్టయింది.

"అన్నా, బిద్దిత్తు! బిద్దిత్తు!" అని అరిచాను. అవ్వ, అగ్గిపెట్టె, కాన్పు కబురు, అంతా కక్కేశాను. ఆ తొందరలో మోగుతున్న ఫోను మీద వేలు ఎప్పుడు పడిందో చూసుకోలేదు. గ్రీజన్న స్పానరు కింద పడేసి, బజారంతా వినబడేలా నవ్వుతూ అన్నాడు: "ఇష్టు హొత్తు బిద్దు మలగిద్రె ఎణ్ణె హెడ్డిగె ఏరదె ఇన్నేను? స్వల్ప నెట్టగె నిల్లిసు, సరి హోగుత్తె!" ఇంతసేపు పడి పడుకుంటే ఎణ్ణె హెడ్డుకెక్కకుండా ఇంకేమవుతుంది, కాసేపు నిటారుగా నిలబెట్టు, సరిపోతుంది అని. ఎణ్ణె అంటే కన్నడంలో నూనె. కానీ మా ఊళ్లలో కుర్రవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఎణ్ణె అంటే సారాయి, బ్రాందీ. హెడ్డంటే ఇంజిను పైభాగమని మెకానిక్కులకు తెలుసు. బావకు తెలిసిన హెడ్డు నా తలకాయే.

"రేయ్! యాడ పడి పడుకోనుండావురా?" ఫోనులోంచి బావ.

"నేను గాదు బావా, బండి!"

"బండి యాడన్నా ఎణ్ణె తాగుతాదారా?"

"తాగింది బావా! పడుకోని తాగింది!"

ఫోను కట్టయింది. గ్రీజన్న ప్లగ్గు ఊడదీసి తుడిచి, గాలిపెట్టెలో చేరిన ఆయిలు వంచేసి, బండిని నిటారుగా నిలబెట్టి, "ముట్టబేడ" అన్నాడు. ముట్టాను. రెండోసారి కూడా ముట్టేసరికి తాళంచెవి లాక్కుని జేబులో వేసుకుని, నన్ను ఒక పాత టైరు మీద కూర్చోబెట్టాడు. అక్కడ నేను కూర్చుని లేచిన తీరు చూసినవాళ్లెవరైనా ఎణ్ణె ఎక్కింది నాకేనని ఒట్టు పెట్టి చెప్పేవాళ్లు.

బావ, అక్క బాగేపల్లి బస్టాండులో దిగి, నన్ను వెతుక్కుంటూ వచ్చారు. బావ బండి వైపు చూడలేదు. (ఆయన గురించి నేను ఆ ఒక్క చూడకపోవడం వల్ల చాలా నేర్చుకున్నాను.) నా గడ్డం పట్టుకుని, "ఊదు" అన్నాడు. ఊదాను. మిరపకాయ బజ్జీల ఘాటుకు ఆయన వరసగా తుమ్మాడు. నాకున్న దిష్టి కూడా పోయిందన్నమాట. గ్రీజన్న జరిగిందంతా, నేను లేదన్న మాటతో సహా, వాళ్లకు చెప్పి బండి స్టార్టు చేశాడు. ఆఖరి పొగ ఒక పెద్ద ఉండలాగా బయటికొచ్చి, పల్చబడి, ఆగిపోయింది. బావ చుట్టూ తిరిగి చూశాడు. గీత లేదు. పొద్దు ఇంకా మునగలేదు.

"అయితే బావా, అంగడి..." అన్నాను, సిగ్గు లేకుండా.

బావ అక్క వైపు చూశాడు. అక్కే చెప్పింది. "బండి పడిందని గాదురా. పడిందా అని అడిగితే లేదన్నావు చూడు, అదే. రేపు అంగట్లో ఏదన్నా పడితే ఎవురిని అడిగేది మేము?"

కోపంగా అనుంటే ఎదురు మాట్లాడేవాణ్ని. మెత్తగా అంది. ఎప్పటిలాగే.

అంగడి బావ అక్కకు ఇచ్చాడు. నా తరఫున అడగడానికి నేను పంపిన మనిషికే ఇచ్చాడు. అది సరైన పని అని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, ఒప్పుకున్నది కూడా ఆమె అంగడి నిలబెట్టిన తీరు చూశాకే. నేను ఇప్పుడు అక్కడే, ఆమె పక్కనే ఉన్నాను. అర అంగుళం అడిగితే అర అంగుళమే ఇస్తాను. చాకవేలు మీదుగా పోయినప్పుడు గట్టినేల చూసి, సెంటరుస్టాండు వేసి, అవ్వను పలకరిస్తాను. "నేను దిష్టి తీసినాక ఆ బండి మళ్లీ పడిందా, చెప్పు?" అంటుంది. పడలేదు అవ్వా అంటాను. నిజమే. బావ దాన్ని మళ్లీ నా చేతికి ఇవ్వలేదు కదా.

చలికాలం పొద్దున నా పాత బండి కూడా కాస్త పొగ వదులుతుంది. బావ వచ్చి ఉంటే, "ఈ పొద్దు ఎవురికెక్కిందిరా, నీకా, దానికా?" అంటాడు. లోపలి నుంచి అక్క, "కాసేపు నిలబడు, అదే పోతాది" అంటుంది. నిలబడతాను. చేతులు కట్టుకుని, పెద్దమనిషిలాగా. ఎంతో సేపు కాదు, వాళ్లిద్దరూ అటు తిరిగేదాకా. ఆ తర్వాత వంగి, ఒక్కసారి, రంగు మాత్రం చూస్తాను.