రాలిన ఆకుకు వేరు

ఇరవై ఏడేళ్లు బావిలో బొగ్గు తవ్విన సారయ్యకు మోకాలు దెబ్బతిన్నాక పైన, కార్మికులకు తలదీపాలు ఇచ్చే ల్యాంపురూములో పని ఇచ్చారు. ఎండ చూస్తూ పనిచేయడం ఆయనకు కొత్త. డ్యూటీ దిగి మందమర్రి కాలనీలో క్వార్టరుకు వస్తే పొద్దుపోయేది కాదు. ఆ రోజుల్లోనే బిడ్డ భవ్యశ్రీ నిర్మల్ నుంచి ఒక చిన్న కుండీ తెచ్చింది. అందులో గులాబీపువ్వులా ఒద్దికగా పేర్చుకున్న దళసరి ఆకుల సక్యులెంట్ మొక్క.

సారయ్యకు దానిమీద ఎక్కడలేని మమకారం పుట్టింది. బొగ్గుదుమ్ము పడితే తడిగుడ్డతో తుడిచేవాడు. పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్లు పోసేవాడు. పదిహేను రోజులకు ఆకులు బొబ్బల్లా మెత్తబడి, మొదలు కుళ్లి మొక్క ఒరిగిపోయింది. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

"నేనే సంపిన బిడ్డా," అన్నాడు.

"దానికి గన్ని నీళ్లు వద్దు బాపూ. రణపాల లెక్క ఆకులల్లనే నీళ్లు దాసుకుంటది," అంటూ భవ్యశ్రీ కుళ్లని ఆకు ఒకటి ఏరి తడి ఇసుక మీద పెట్టింది. "దీన్ని మాత్రం ముట్టకు."

ముట్టకుండా ఉండడమే కష్టమైంది. రోజూ వంగి చూసి, చేతులు వెనక్కు కట్టుకునేవాడు. నెల దాటాక ఆకు మొదట్లో దారప్పోగుల్లాంటి వేళ్లు, పక్కనే జొన్నగింజంత పిలక కనిపించాయి. వాడకట్టంతా పిలిచి చూపించాడు. రెండేళ్లు తిరిగేసరికి కిటికీ నిండా పాత టీ కప్పుల్లో, కొబ్బరి చిప్పల్లో మొక్కలే.

అప్పుడే రాజం గుర్తొచ్చాడు. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే షిఫ్టు. బావిలో పైకప్పు కూలి కుడిచెయ్యి పోయినప్పటి నుంచి రాజం గడప దాటలేదు. సారయ్య ఒక మొక్క పట్టుకుని వెళ్లాడు. రాజం భార్య అనసూర్య తలుపు తీసి, "ఎవ్వలతోని మాట్లాడ్తలేడన్నా," అంది మెల్లగా.

"మాట్లాడకుంటే ఏమాయె," అని సారయ్య కుండీని రాజం మంచం పక్క కిటికీలో పెట్టాడు. "పది దినాలకొక్కసారి నీళ్లు పొయ్యిరా. ఎక్కువ పోస్తివా, సస్తది. నేనొకదాన్ని గట్లనే సంపిన."

రాజం గోడవైపు తిరిగి పడుకున్నాడు. సారయ్య అనసూర్య ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాడు. మళ్లీ పోలేదు. పోతే జాలిపడి వచ్చాడనుకుంటాడేమోనని భయం.

పన్నెండో రోజు సారయ్య డ్యూటీ నుంచి వచ్చేసరికి తన వాకిట్లో రాజం నిలబడి ఉన్నాడు. ఎడమ అరచేతిలో ఒక ఆకు.

"తుడుస్తాంటే ఊడింది. పారెయ్యాల్నా?"

సారయ్య గబగబా ఖాళీ కుండీ ఒకటి తెచ్చాడు. "పారేత్తరారా పిచ్చోడా! రా, కూసో. ఇసుక ఉన్నది."

ఒంటిచేత్తో ఇసుక చదును చేయబోతే కుండీ రెండుసార్లు దొర్లింది. సారయ్య పట్టుకోబోయి ఆగాడు. మూడోసారి రాజం దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఆకును నెమ్మదిగా ఆనించాడు.

ఇప్పుడు సెలవు దొరికితే ఇద్దరూ లక్సెట్టిపేట పోయి, గోదావరి ఒడ్డున సంచెడు ఇసుక తెచ్చుకుంటారు. సంచి ఒక కొస రాజం పట్టుకుంటాడు. దారి పొడుగునా మాట్లాడేదీ అతనే.