పద్దెనిమిదో నంబర్ డప్పు

విమానం వస్తే కుర్మయ్య కుడి అరచెయ్యి పైకెత్తుతాడు. గదిలో అందరూ మాటలు ఆపుతారు. అది దాటిపోయాక చెయ్యి దించుతాడు.

శంషాబాద్‌లో సరిత నడిపే పెళ్లి వీడియోల స్టూడియోలో పదకొండేళ్లుగా అతని పని శబ్దాలు పెట్టడం. ఇక్కడి పెళ్లిళ్లలో కెమెరాకు ఎక్కిన ధ్వని విమానాల మోతలో మునిగిపోతుంది. అది తీసేసి, తను విడిగా రికార్డు చేసిన గాజుల చప్పుడు, తలంబ్రాలు రాలే చప్పుడు, డప్పు అతికిస్తాడు. మూడు వందల శబ్దాలు. వాటికి పేర్లు లేవు, నంబర్లే. ఏది ఏదో అతనికి తెలుసు.

ఆ రోజు సరిత కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది. బొమ్మ చూసి, ఆ మూడు వందల్లోంచి తగిన శబ్దం అదే వెతికి పెడుతుందట.

"కుర్మయ్యన్నా, ఇయ్యాల నువ్వు ముట్టకు. ఎంత సక్కగ చేస్తదో చూద్దాం. మంచిగ చేసిందంటే ఇగ..."

ఆమె మాట పూర్తి చేయలేదు. భాగ్యమ్మను తీసుకురావడానికి కిందికి దిగింది. వీడియో భాగ్యమ్మ కూతురి పెళ్లిది.

కుర్మయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని చూశాడు. తలంబ్రాలు పడ్డప్పుడే చప్పుడు పడింది. గాజులు సరిగ్గా మోగాయి. అతనికి యాభై రెండేళ్లు. వేరే పని రాదు.

బరాత్ ఊరేగింపు వచ్చింది. డప్పు మొదలైంది. కుర్మయ్య ముందుకు వంగాడు.

పద్దెనిమిదో నంబర్. మంఖాల్ ఊళ్లో ఒక శవం వెంట నడుస్తూ రికార్డు చేసిన చావు డప్పు. పెళ్లి డప్పు పదిహేడు. యంత్రానికి రెండూ డప్పులే.

సరిత భాగ్యమ్మతో వచ్చి వీడియో మొదటి నుంచి పెట్టింది. ఊరుకుంటే కూతురి పెళ్లిలో చావు డప్పు భాగ్యమ్మ చెవిన పడుతుంది, యంత్రం పోతుంది. తన కుర్చీ ఉంటుంది.

"మా పిల్ల గాజులు గీడికి ఇనబడుతున్నయి గదమ్మా!" భాగ్యమ్మ నవ్వింది.

బరాత్ వీధి కనిపించింది. కుర్మయ్య చెయ్యి ఎత్తాడు.

"విమానమేది అన్నా?" అంది సరిత.

"ఆపమ్మా. జర పని మిగిలింది."

"మా ఇల్లు కట్టిన మేస్త్రి గూడ గిట్లనే అన్నడు," అని సణుగుతూ భాగ్యమ్మ వెళ్లిపోయింది.

అప్పుడు సరితకు డప్పు సంగతి చెప్పాడు. సరిత కూలబడింది.

"ఆమె ఇనుంటే స్టూడియోకు నిప్పు పెడుతుండె."

కొంతసేపటికి అడిగింది: "అన్నిటికి పేర్లు రాస్తే మళ్ల తప్పు చేస్తదా అన్నా?"

కుర్మయ్య తెర వైపు చూశాడు.

"చెయ్యదు."



మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చాడు. పద్దెనిమిదో నంబర్ తెరిచి, చివరిదాకా విని, 'చావు డప్పు' అని టైపు చేశాడు. తర్వాత పదిహేడు. ఆ తర్వాత ఒకటో నంబర్ తెరిచాడు.