గరిటె పెట్టని పులుసు

చింతపండు పులుసు మరగడం మొదలై, వేయించి నూరిన ధనియాలు, మెంతులు, వెల్లుల్లి వాసన వంటిల్లు దాటి నా గదిలోకి వచ్చింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి లేచాను. నేను వెళ్ళేసరికి మా కోడలు గరిటె పుచ్చుకుని మట్టిచట్టి మీదికి వంగి ఉంది. మర్నాడు సెలవు. ఉయ్యూరు నుంచి ఆమె పెదనాన్నగారి కుటుంబం మా గుడివాడ ఇంటికి భోజనానికి వస్తోంది. వాళ్ళు చేపా మాంసమూ ముట్టరు.

“ఒకసారి కలపనా మావయ్యగారూ? అడుగంటుతుందేమో.”

“గరిటె పెట్టొద్దమ్మా. చట్టిని తిప్పాలి.”

“ఇందులో ఉన్నవి కంద ముక్కలేగా అండీ. చెదిరిపోవడానికి చేపలా ఏంటి?”

ప్రశ్న సబబైనదే. దానికి జవాబు చెప్పాలంటే మా మేనత్త నాంచారమ్మ గురించి చెప్పాలి. ఆమెను చూడనివాళ్ళు ఈ మధ్య ఆమెను దయగల ముసలమ్మగా చెప్పుకుంటున్నారు. ఆ మాట వినిపించినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆమె దయగల మనిషి కాదు, పంతంగల మనిషి. జరిగినదాన్ని జరిగినట్టు రాసిపెట్టుకోవడం నాకు ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉన్న అలవాటు. కనుక ఈ తేడాను నేనైనా సరిగ్గా రాయాలి.

మా అత్త ఇల్లు బందరు దగ్గర గిలకలదిండిలో. మావయ్య మరబోటు నడిపేవాడు. అత్త రేవులో వేలంపాటలో చేపలు పాడుకుని బజారులో అమ్మేది. పాటలో ఆమె గొంతు లేచిందంటే పక్కవాళ్ళు తమ గొంతు తగ్గించుకునేవారు. వేసవిలో సముద్రం మీద వేట ఆపేసే రోజులే మాకు చుట్టరికాల రోజులు. బోట్లు ఒడ్డున కట్టేసి ఉండేవి, మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఇంటిపట్టున ఉండేవారు, పిల్లలకు బడి సెలవులు. నాగాయలంక నుంచి, కోడూరు నుంచి, గుడివాడ నుంచి అందరం అక్కడికే చేరేవాళ్ళం. సముద్రపు చేప దొరకని ఆ రోజుల్లో కూడా అత్త కాలువల నుంచి కొరమీను తెప్పించి, పచ్చిమామిడికాయ వేసి ముందురోజు సాయంత్రమే పులుసు పెట్టేది. రాత్రంతా ఊరిన పులుసును మర్నాడు మధ్యాహ్నం బంతిలో వడ్డించేది. ఆ పులుసు తినడానికే వచ్చామని ఎవరూ పైకి అనేవారు కాదు.

కాలేజీలో చేరిన ఏడాది పచ్చకామెర్లు వచ్చి లేచాక నాకు చేప వాసన పడకుండా పోయింది. వంట్లో బాగైనా నాలుక మళ్ళీ ఆ దారికి రాలేదు. కారణం అంతే. నేను ఏ దీక్షా పట్టలేదు, ఏ స్వామీజీ మాటా వినలేదు. ఈ సంగతి అడిగిన ప్రతివారికీ చెప్పాను. ఇంతకంటే గొప్ప కారణం ఏదో ఉండాలని వాళ్ళకు ఎందుకంత పట్టుదలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ వేసవిలో బంతిలో కూర్చుని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినప్పుడు అత్త గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“ఏరా అల్లుడూ, నాలుగు అచ్చరాలు రాగానే మేం కంపు కొడుతున్నామా?”

“అది కాదత్తా, కడుపులో తిప్పుతోంది.”

“ఈ ఇంట్లో అందరం బతికేది దాని మీదేరా. అది చూసి నీకు కడుపులో తిప్పుతుందా?”

నాకు పెరుగూ ఆవకాయా వేశారు. తరువాతి వేసవుల్లో అది ఆనవాయితీ అయింది. బంతి లేచాక నాకొక్కడికీ వసారాలో విస్తరి వేసేవారు. చుట్టాలు వచ్చి మర్యాదగా పలకరించిపోయేవారు. సొంత మేనత్త ఇంట్లో నాకు మర్యాద మొదలైందంటే నేను వాళ్ళవాణ్ణి కాకుండా పోతున్నానని అర్థం. ఆ సంగతి నాకు తెలుసు, అత్తకూ తెలుసు.

ఒక ఏడాది నేను వెళ్ళేసరికి పొయ్యి పక్కన కొత్త చట్టి ఉంది. అత్త నా వైపు చూడకుండానే చెప్పింది. “దీనికి చేప తగల్లేదు. రేపు నువ్వు బంతిలో కూచుంటున్నావు. నా ఇంట్లో పులుసు తినకుండా ఒకడు లేచిపోతే రేవులో నాకు తలవంపులు.”

ఆ తొలి ప్రయత్నం వంకాయలతో. రాత్రంతా ఊరేసరికి కరిగి తొక్కలు మాత్రం మిగిలాయి. మరుసటి ఏడు కంద. చేప ముక్కల్లాగే పలకలుగా కోసి, ఉప్పూ పసుపూ కారమూ పట్టించి వేసింది. చూపుకు అచ్చం కొరమీను ముక్కలే. రెండో ముద్దకు నా గొంతు దురద ఎక్కింది. మావయ్య విస్తరిలోంచి తల ఎత్తకుండా అన్నాడు. “దానికి ముల్లు, దీనికి దురద. ఏదో ఒకటి గొంతులో తగలకపోతే మీ అత్త పులుసెలా అవుద్దిరా?” బంతి అంతా నవ్వింది, నేనూ నవ్వాను. అత్త నవ్వలేదు. ఆ తరువాత కందను చింతపండు నీళ్ళలో నానబెట్టి, నూనెలో ఎర్రగా వేయించి వేయడం మొదలుపెట్టింది. దురద పోయింది, ముక్క నిలిచింది. కానీ పులుసు పలచగా ఉండేది. చేప ఊరుతూ పులుసుకు ఇచ్చేదేదో కంద ఇవ్వలేదు. ఉల్లిపాయను నిప్పుల మీద కాల్చి, వేయించిన నువ్వులతో కలిపి నూరి వేసేదాకా ఆ లోటు తీరలేదు.

అది కుదరకముందు, ఆ లోటును ఇంకొక దారిలో తీర్చాలని అత్త తోటికోడలు ఒకసారి చూసింది. నేను రెండోసారి ముద్ద కలుపుతుండగా ఆమె ముసిముసిగా నవ్వుతూ పక్కావిడతో అంది. “ఎండురొయ్యల పొడి చిటికెడేశాలే. తెలీకుండా తింటే ఏమవుద్ది?” అత్త వినేసింది. నా ముందున్న విస్తరి తీసింది, చట్టి ఎత్తింది, పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పులుసంతా గుమ్మరించి వచ్చింది.

“వాడి కడుపుకి ఏమవుద్దో నాకెందుకే? చేప తగల్లేదని నేను చెప్పాను. నా మాట నీళ్ళలో కలిపావు.”

వాళ్ళిద్దరికీ మళ్ళీ మాటలు కలవడానికి చాలా కాలం పట్టింది. చట్టి కూడా మారింది. ఆమెది దయ కాదని నేను అనడానికి ఆధారం ఇదే. నా మీద జాలి ఉంటే మెత్తగా సర్దిచెప్పేది. ఆమె కాపాడుకున్నది తన మాటను. దాని నీడన నేను బంతిలో నిలిచాను.

గుడివాడలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో మా పై అధికారి ఒకాయన సముద్రస్నానానికని కుటుంబంతో బందరు వచ్చారు. శాకాహారి. అత్త పట్టుబట్టి నా చేత భోజనానికి పిలిపించింది. ఆ పూట బంతి మొత్తానికీ కంద పులుసే. బంతిలో నా పక్కనే కూర్చున్నారు. పులుసు రెండుసార్లు వేయించుకుని, తృప్తిగా నా వైపు వంగి అన్నారు. “మిమ్మల్ని మెచ్చుకోవాలండీ. ఇలాంటి వాతావరణంలో పుట్టి కూడా అవన్నీ మానేసి పైకి వచ్చారు. సంస్కారం ఎక్కడో ఉంటుంది.”

కోపంతో నాకు చెవులు వేడెక్కాయి. అత్త గిన్నె పట్టుకుని మా ఎదురుగానే ఉంది.

“మానేసి పైకి రాలేదండీ మావాడు,” అంది. “చదువుకుని వచ్చాడు. ఆ చదువుకి డబ్బులు చేపలమ్మినవే. దానికీ దీనికీ లంకె పెట్టకండి. వాడికి చేప పడదు, అంతే. ఇంకోటండీ, తమరు తిన్నది చేపల పులుసే. చేప ఒక్కటే వెయ్యలేదు.”

ఆయన చెయ్యి ఆగింది. “అంటే, పాత్రలు...?”

“చట్టి వేరేనండీ. పొయ్యి అదే, చెయ్యి ఇదే.”

ఆయన మర్యాదగానే మంచినీళ్ళు తాగి విస్తరి మడిచారు. బంతి మొత్తం నన్నే చూస్తోంది. ఆయనతో పాటు నేనూ లేస్తానేమోనని చూస్తోందని నాకు తెలుసు. నేను విస్తరి ముందుకు జరిపాను.

“అత్తా, చేపల పులుసు ఇంకొంచెం వెయ్యి.”

ఆమె ఎక్కువే వేసింది. అన్నం గట్టు తెగి పులుసు విస్తరి అంచుదాకా పారింది. మావయ్య “నిదానంరా, ముల్లు చూసుకో” అన్నాడు. బంతి గొల్లుమంది. నాకు వసారా విస్తరి గుర్తొచ్చింది. ఇక దాని అవసరం ఉండదని ఆ నవ్వులో తెలిసింది. ఆఫీసులో తరువాత ఆయన నాతో ముక్తసరిగా ఉండేవారు. ఆ సంగతీ రాసిపెట్టుకున్నాను, బాధ పడలేదు.

అత్త పోయినప్పుడు పెద్దకర్మ నాడు ఆమెకు ఇష్టమని కొరమీను పులుసే పెట్టారు. వడ్డన మొదలయ్యాక ఆమె కూతురు నా దగ్గరికి వచ్చి వేరే చట్టిలోంచి వేసింది. అదే రంగు, అదే వాసన.

ఎన్నో ఏళ్ళ ముందు అత్త చట్టిని పాతగుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పుతుంటే, నేనూ కోడలు వేసిన ప్రశ్నే వేశాను. చేప చెదురుతుందని గదా గరిటె పెట్టకూడదంటారు, ఇందులో చేప లేదుగా అని. “ఉందనుకునే చెయ్యాలిరా. లేదనుకుని చేస్తే దుంపకూర అవుద్ది. దుంపకూర నీకు గుడివాడ హోటల్లో దొరకదా?” అంది.

కోడలు అంతా విని గరిటె పక్కన పెట్టింది. కాసేపటికి ఇంకొక సందేహం వెలిబుచ్చింది.

“మరి రేపు మా పెదనాన్నగారు ఏం పులుసని అడిగితే, కంద పులుసని చెప్పనా అండీ?”

“చేపల పులుసని చెప్పు. చేప వెయ్యలేదని కూడా చెప్పు. రెండూ చెప్పాలి.”

“తినరేమో మావయ్యగారూ.”

“అయితే నాకు మిగులుతుంది.”

గుడ్డ మడతపెట్టి చట్టి అంచులు రెండు చేతులా పట్టుకున్నాను. లోపల ముక్కలు ఒకదాన్నొకటి తగలకుండా మెల్లగా తిరిగాయి.