గొడుగు చువ్వల దీపం

మొన్న మా మనవరాలు ఏ.ఎస్. రావు నగర్‌లోని ఒక దుకాణం నుంచి చదువుకునే దీపం కొనుక్కొచ్చింది. దాని కింద ఉన్న క్లిప్పు బల్ల అంచును గట్టిగా కరుచుకుంటుంది. పైన మూరెడు పొడుగు కాడ, ఎటు వంచితే అటు వంగి అక్కడే నిలబడుతుంది. నేను దాన్ని వంచి, చెయ్యి తీసేసి, మెల్లగా కిందికి వాలుతుందేమోనని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. వాలలేదు. "ఏంది అమ్మమ్మా, నమ్మకం కుదర్తలేదా?" అని నవ్వింది పిల్ల. నమ్మకం కుదరడానికి నాకు ఎప్పుడూ కొంచెం ఎక్కువ కాలమే పడుతుంది. పోలీస్ యాక్షన్ జరిగిన యేడు సికింద్రాబాదులో కాపురం చేసినవాళ్ళకు ఆ అలవాటు అంత తొందరగా పోదు. పైగా ఇట్లాంటి దీపాన్ని నేను మొట్టమొదట చూసింది మా ఇంట్లోనే. అదీ ఠాణా అమీను, ఇప్పటి లెక్కన ఎస్సై, మా గుమ్మంలో నిలబడి, అదేమిటో చెప్పమని మా ఆయనను గద్దిస్తున్నప్పుడు.

అప్పట్లో మేము స్టేషనుకు పోయే దారి పక్క గల్లీలో రెండు వాటాల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. ఒక వాటాలో మా ఆయన, నేను, మా అత్తగారు. రెండో వాటాలో గొడుగులు, తాళాలు బాగుచేసే ఒక భాయ్, ఆయన భార్య. పెరట్లో రెండిళ్ళకూ నడుమ ఛాతీ ఎత్తు గోడ, ముందు వాకిట్లో ఇద్దరికీ కలిపి ఒకటే నల్లా. భాయ్ తెలుగు మా తెలుగే. ఆయన నన్ను చెల్లె అనేవాడు, మా అత్తగారిని అమ్మా అనేవాడు. రంజాన్‌కు వాళ్ళింటి సేమియాలు, ఉగాదికి మా ఇంటి పచ్చడి గోడ దాటేవి. మా ఆయన రైల్వే ఆఫీసులో గుమాస్తా. మాటలు తక్కువ మనిషి. ఇంట్లో చెడిపోయిన వస్తువు కనబడితే మాత్రం ఊరుకోలేడు. బాగున్న వస్తువును సుత ఒకసారి విప్పి చూస్తేగానీ ఆయనకు తృప్తి ఉండేది కాదు. మా గోడ గడియారం ఆయన చేతిలో పడ్డాక రోజుకు రెండుసార్లే సరైన టైము చూపేది, అయినా అది బాగుపడిందనే ఆయన వాదన.

ఆ ముందు యేడు నా ఎడమ చేతి మీద మరిగే గంజి ఒలికింది. పుండు మానింది గానీ మూడు వేళ్ళు అరచేతివైపు ముడుచుకుపోయి మళ్ళీ తెరుచుకోలేదు. పెళ్ళికి ముందునుంచీ నాకు కుట్టుపని ప్రాణం. రింగుకు గుడ్డ బిగించి దాని మీద పూలు, నెమళ్ళు కుడుతుంటే నాకు ఆకలి తెలిసేది కాదు. ఒక చెయ్యి రింగు పట్టుకోకపోతే రెండో చెయ్యి ఏం కుడుతుంది? రింగును, దారాలను ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాను. మా ఆయన ఆ చేతి గురించి ఒక్క మాట అడగలేదు. అన్నం వడ్డించేటప్పుడు దానివైపు చూసేవాడు కాదు. చూడటానికే వెగటేమోనని నేను లోపల్లోపల కుమిలిపోయి, ఆ చేతిని కొంగు కింద దాచుకోవడం నేర్చుకున్నాను.

ఇక ఆ వానాకాలం సంగతి. ఊరంతా చెవులే. అటు ఇండియన్ యూనియన్ వైపు నుంచి సరుకు రాక ఉప్పు దొరికేది కాదు, కిరసనాయిలు దొరికేది కాదు, మందులు దొరికేవి కావు. దొరికిందల్లా గుసగుసలే. ఫలానా ఇంట్లో రజాకార్లకు అన్నం పెడుతున్నారట, ఫలానా ఇంట్లో యూనియన్ వాళ్ళకు వార్తలు పంపుతున్నారట. పాలు పోసే మనిషి రెండు నిమిషాలు ఎక్కువ నిలబడితే ఎందుకు నిలబడ్డాడని గల్లీలో చర్చ. భాయ్ బామ్మర్ది రజాకార్ల ఖాకీ బట్టలేసుకుని తిరగడం మొదలుపెట్టాక మేము నల్లా దగ్గర మాట్లాడే మాటలు తగ్గాయి. పచ్చళ్ళ గిన్నెలు ఇంకా గోడ దాటుతూనే ఉన్నాయి గానీ, వాటితోబాటు కబుర్లు దాటడం ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే మా ఆయన పద్ధతి మారింది. ఆఫీసు నుంచి రాగానే చాయ్ తాగి వెనక అర్రలోకి పోయి లోపల గడియ పెట్టుకునేవాడు, బయటికి వస్తే తాళం వేసేవాడు. గీకుడు, కొట్టుడు, మధ్యలో ఏదో టంగున తెగిన చప్పుడు, ఆ వెంటనే ఆయన తనను తాను తిట్టుకోవడం. ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే మాయం కాసాగాయి. నేను గుండీలు దాచుకునే బిస్కెట్ల డబ్బా పోయింది, గుండీలు మాత్రం ఒక కాగితంలో పొట్లం కట్టి ఉన్నాయి. దొంగైతే గుండీలకు పొట్లం కట్టి పోతాడా? సైకిలు పాత ట్యూబు పోయింది. బట్టలారేసే రాగితీగ పోయింది. ఒక పొద్దున మా అత్తగారు కారం దంచబోతే రోకలి చివర ఇనుప పొన్ను లేదు. "నా రోకలి పొన్ను ఎవడు పీక్కపోయిండు? పొన్ను లేని రోకలి ఎందుకు, నెత్తికి కొట్టుకొనీకెనా?" అని ఆమె వాకిట్లో కూర్చుని గల్లీ మొత్తానికి వినబడేట్టు శాపనార్థాలు పెడుతుంటే, కొడుకు తలదించుకుని ఆఫీసుకు పోయాడు.

నన్ను భయపెట్టింది ఇంకొకటి. సాయంత్రాలు గోడ మీదుగా భాయ్ ఆయనకు ఏవో పొట్లాలు అందించేవాడు. ఒకసారి పొడుగ్గా, గుడ్డలో చుట్టి. ఇంకోసారి రెండు చేతులతో పట్టాల్సినంత బరువుది. నేను పెరట్లోకి వస్తే ఇద్దరూ మాట ఆపేసేవాళ్ళు. డబ్బా, తీగ, ఇనుము. ఆ రోజుల్లో ఈ మూడు కలిస్తే ఎవరి నోటైనా వచ్చే మాట బాంబు, కాకపోతే వైర్‌లెస్సు. బామ్మర్ది ఖాకీలో ఉన్న మనిషితో ఈయనకు ఏం పని? ఈయన వాళ్ళలో కలిశాడా, లేక వాళ్ళు ఈయనను ఇరికిస్తున్నారా?

"లోపల ఏం జేస్తున్నరు?" అని అడిగాను ఒకరోజు.

"ఏం లేదు. ఊకెనే."

"ఊకెనే అయితే గడియ ఎందుకు?"

ఆయన నా మొహంలోకి చూసి, చూపు తిప్పుకుని, "జెర కొన్ని దినాలు ఆగు, నీకే తెలుస్తది" అన్నాడు. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు పాపం. ఆ మాటతో నాకు ఉన్న కాస్త నిద్ర కూడా పోయింది.

ఒక ఆదివారం పొద్దున, నేను బియ్యం కడుగుతుండగా, ఠాణా అమీను ఇద్దరు జవాన్లతో వచ్చాడు. వెనక ఖాకీ బట్టల వాలంటీర్లు ఇద్దరు. అందులో ఒకడు భాయ్ బామ్మర్ది. వాడు లోపలికి రాలేదు, గల్లీలోనే నిలబడి అటు తిరిగి ఉన్నాడు. "వైర్‌లెస్ కహా హై? ఎక్కడ దాచినవ్?" అన్నాడు అమీను. మా ఆయన పోయి వెనక అర్ర తాళం తీశాడు.

బల్ల మీద ఒక వింత జంతువు నిలబడి ఉంది. చెక్కదిమ్మె మీద మేకులు కొట్టి బిగించిన మా అత్తగారి రోకలి పొన్ను. అందులో దోపిన గొడుగు చువ్వలు, మోచేతి దగ్గర మడిచినట్టు సగంలో మడతపడేవి. వాటి పైన రాగితీగలు మెలిపెట్టి సైకిలు ట్యూబు తొడిగిన మెడ. మెడ చివర నా బిస్కెట్ల డబ్బా సగానికి కోసి బోర్లించి, లోపల బల్బు. పక్కనే భాయ్ వాళ్ళ పాత సేమియాల మిషను కింది భాగం, బల్లకు మర తిప్పి బిగించేది. దాని నెత్తిన ఇంకో రాగి మెడ. ఆ మెడ చివర, గుడ్డ బిగించి సిద్ధంగా, నేను ట్రంకుపెట్టె అడుగున పెట్టేసిన కుట్టు రింగు.

నాకు అర్థమైంది. అమీనుకు కాలేదు. "ఏందిది?" అన్నాడు.

"దీపం సాబ్. అది రింగు పట్టే చెయ్యి. మా ఇంటామె ఒక చెయ్యి పనిచెయ్యదు. కుట్టుకోనీకె చేసిన."

"దీపం ఇట్ల ఉంటదా? వెలిగించు."

మా ఆయన మీట నొక్కాడు. వెలగలేదు. ఆ పొద్దున గల్లీలో ఎవరికీ కరెంటు లేదు. జవాన్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు ఆయన నావైపు తిరిగాడు. గంజి ఒలికిన నాటి నుంచి మొదటిసారి నా చేతివైపు సూటిగా చూస్తూ, "జెర కూసోని కుట్టు" అన్నాడు మెల్లగా. పరాయి మగవాళ్ళ ముందు ఆ చేతిని కొంగు కింది నుంచి తీసి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కించే ఉంది. రాగి మెడను నావైపు వంచుకున్నాను. రింగు కదలకుండా నిలబడింది. ఒక కుట్టు వేశాను, ఇంకొకటి వేశాను. సూది గుడ్డలో దిగే ఆ చిన్న చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. కళ్ళు నిండి కుట్టు కనబడలేదు, అయినా చేత్తో తడుముకుంటూ ఒక ఆకు పూర్తిచేశాను. అమీను చూశాడు. ఒక క్షణం నమ్మినట్టే అనిపించింది. కానీ పైనుంచి వచ్చిన మాట వైర్‌లెస్సనే. తీగలున్న వస్తువును, దాన్ని చేసిన మనిషిని వదిలిపోతే రేపు అతన్నే అడుగుతారు. రెండింటినీ తీసుకుపోయారు.

మా ఆయన మర్నాడు సాయంత్రం తిరిగొచ్చాడు. ఒక చెంప వాచి ఉంది. దీపం రాలేదు. ఠాణాలో ఎవరో పెద్ద ఆఫీసరు, దీన్ని వైర్‌లెస్ అన్నవాడికి అసలు వైర్‌లెస్ ఎట్లుంటదో చూపించాలని విసుక్కుని వదిలేశాడట. ఎవరు చెప్పారన్నది మాత్రం అక్కడ ఎవరూ అనలేదు. మాకు చెప్పనవసరం లేదనిపించింది. ఆ అర్రలో ఏముందో తెలిసిన మనిషి ఒక్కడే. అతని బామ్మర్ది గల్లీలో నిలబడనే నిలబడ్డాడు.

రెండో రోజు భాయ్ గోడ దగ్గరికి వచ్చి, "అన్నా, ఎట్లున్నవ్?" అని పిలిచాడు. మా ఆయన విన్నాడు, లోపలికి వెళ్ళిపోయాడు. నేను నల్లా దగ్గరికి భాయ్ భార్య రాని వేళ చూసి పోవడం మొదలుపెట్టాను. వాళ్ళ గిన్నె ఒకటి మా ఇంట్లోనే మిగిలిపోయింది. దాన్ని తోమి గోడ మీద పెట్టాను, ఉత్తగా. మా దగ్గర ఖాళీ గిన్నె తిరిగివ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సెప్టెంబరులో విమానాలు వచ్చాయి. తర్వాత నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారు. తిరుమలగిరి వైపు మిలిటరీ బండ్లు పోతుంటే జనం పూలదండలతో ఎగబడ్డారు. గల్లీలో భయం పోలేదు, ఇల్లు మారింది, అంతే. నిన్నటిదాకా మా కిటికీలు మూసి ఉండేవి, ఇప్పుడు భాయ్ వాళ్ళవి. బామ్మర్ది ఎటు పారిపోయాడో పత్తా లేదు. ఒక పగలు గల్లీ మనుషులు కొందరు ఇద్దరు సిపాయిలను వెంటబెట్టుకుని వచ్చి, భాయ్‌ని బయటికి పిలిచి, మా ఆయనను సుత పిలిచారు. "నీ మీద ఠాణాల చెప్పింది వీడే గదా? వీడు రజాకార్ల మనిషే గదా? ఒక్క మాట చెప్పు, మిగతాది మేము చూస్కుంటం" అన్నాడు వాళ్ళలో ముందున్నవాడు.

భాయ్ గుమ్మంలో చేతులు కట్టుకుని నేలవైపు చూస్తున్నాడు. లోపల ఆయన భార్య ఏడుపు వినబడుతోంది. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. మా ఆయన చెంప వాచిన రోజు నా కళ్ళ ముందే ఉంది. ఆ మాట చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. చెబుతాడనే అనుకున్నాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాకు అనుమానం ఉన్నది. అబద్ధమెందుకు ఆడాలె? కానీ చెప్పంగ నేను ఇనలే, చెయ్యంగ నేను చూడలే. నా అనుమానం మీద ఒక మనిషిని తీస్కపోతమంటే నేను ఒప్పుకోను. ఇగ పొండి."

వాళ్ళు కాసేపు గొణిగారు, అడిగినవాడు ఉమ్మేసి తిరిగాడు. సిపాయిలకు ఈ గొడవ అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలనీ లేదు. వెళ్ళిపోయారు. మా ఆయన భాయ్‌తో ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి వచ్చి మంచినీళ్ళు అడిగాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అంగట్లో ఉప్పు మామూలుగా దొరకసాగింది. ఒక మధ్యాహ్నం అన్నాలు తింటుండగా మా అత్తగారు పప్పులో ఉప్పు ఎక్కువైందని మురిసిపోతూ అంది: "అప్పుడు చిటికెడు ఉప్పుకు లైన్ల పగటిదాంక నిలబడ్డ బిడ్డా. ఏం తోచక అందరికి నా గోడు చెప్పుకున్న. నా కొడుకు అర్రల తలుపేసుకొని తీగలు గుంజుతుండు, డబ్బాలు కోస్తుండు, ఏం మిషను చేస్తుండో ఏమో, ఆఖరికి రోకలి పొన్ను సుత ఇడ్సిపెట్టలే అని. ఒకడు ఎంత మంచిగ ఇన్నడు! ఇల్లు యాడనో సుత అడిగిండు."

మా ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆమెకు ఇంకా తెలియలేదు. "ఏందిరా, ఉప్పు మరీ ఎక్కువైందా?" అంది. ఆయన లేచి చెయ్యి కడుక్కుని పెరట్లోకి పోయి గోడ దగ్గర నిలబడ్డాడు. వెనకే నేను. భాయ్ అవతల ఒక గొడుగు ముందేసుకుని కూర్చుని ఉన్నాడు.

"భాయ్," అన్నాడు మా ఆయన. అన్ని రోజుల తర్వాత ఆ ఒక్క పిలుపు బయటికి రావడమే కష్టమైంది. "ఠాణా దాంక మాట పోయింది మా అమ్మ నోట్ల నుంచి. ఇప్పుడే ఎరుకైంది."

భాయ్ తలెత్తాడు. "నాకు ఎరుకే అన్నా. ఆ దినం లైన్ల నా బీవీ సుత ఉన్నది."

"మరి చెప్పలేదెందుకు? ఆనాడు వాళ్ళొచ్చి నిన్ను నిలబెట్టినప్పుడన్నా చెప్పాలె గదా?"

భాయ్ చేతిలోని చువ్వను అటూ ఇటూ తిప్పాడు. "నీ తల్లి పేరు నీకెట్ల చెప్పాలె? ఆనాడు నలుగురిల ఎట్ల చెప్పాలె? ఆమె నన్ను సుత బిడ్డా అంటది." తగ్గు గొంతుతో అన్నాడు: "నా బామ్మర్దిని ఆ ఖాకీలల్ల చేరొద్దని చెప్పిన. ఇనలే. గది మాత్రం నా తక్లీఫ్."

మా ఆయన గోడ మీద రెండు చేతులూ ఆనించి తలవంచుకున్నాడు. ఏడవడం నేను ఆయనను అదొక్కసారే చూశాను. అత్తగారికి మేము ఎప్పుడూ చెప్పలేదు. ఆమె చివరిదాకా, పోలీసులకు చెప్పినవాడు పురుగులు పడి పోతాడని తిడుతూనే ఉండేది. మేము తలలు వంచుకుని వినేవాళ్ళం.

రెండో దీపం వాళ్ళిద్దరూ కలిసి పెరట్లో పట్టపగలు చేశారు. దాని మెడ మొదట్లో నిద్రొచ్చిన పిల్ల తలలా వాలిపోయేది, ఇంకో రెండు తీగలు కలిపి మెలిపెడితే నిలిచింది. దాని వెలుగులో నేను చాలా యేళ్ళు కుట్టాను. నల్లా దగ్గర నేనూ భాయ్ భార్యా ముందు కూరగాయల ధరలు మాట్లాడుకున్నాం, తర్వాత ఒళ్ళునొప్పులు, మరీ తర్వాత పిల్లల సంగతులు. ఆమె ఏడుపు విని నేను తలుపు వెనకే ఉండిపోయిన ఆ పగటి గురించి మాత్రం ఆమె అడగలేదు, నేనూ ఎత్తలేదు. ఒక్క వానాకాలంలో పోగొట్టుకున్న చనువును మళ్ళీ కూడబెట్టుకోవడానికి మా రెండిళ్ళకూ ఎన్ని వానాకాలాలు పట్టాయో. అన్నేళ్ళు పక్కపక్కనే ఉండనిచ్చింది కాలం, అదే మా అదృష్టం.