ఫోన్లో తడి ఫుల్లు

పచ్చని టమాట తోటను నాలుగు రోజుల్లో ఎండబెట్టడం ఎలాగో నన్నడగండి. చీడపీడలు కూడా నా ముందు దిగదుడుపే. సిగ్గుతో చస్తూనే చెబుతున్నాను, నవ్వొస్తే నవ్వండి, నాకు తగిన శాస్తే.

వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే రోజులవి. ఎండాకాలం సెలవులకు నెక్కొండ దగ్గర మా చిన్నమ్మ ఊరికి పోయాను. ఆమెకున్నది ఎర్ర చెల్క నేలలో ఇరవై గుంటల టమాట తోట, ఒక బోరు. వానలు పడేదాకా ఇల్లు గడవాల్సింది ఆ తోట మీదే. ఆమె రోజూ పొద్దున్నే మోటరేస్తుంటే నా చదువు ఊరుకోలేదు. "నీళ్లు దండగ చేస్తున్నవ్ చిన్నమ్మా" అని, భూమిలో తడెంతుందో ఫోనుకు చెప్పే మీటరొకటి తెచ్చి గట్టున వేపచెట్టు పక్క సాలులో గుచ్చాను. అక్కడే ఎందుకంటారా? నీడ కోసం. మీటరుకు కాదు, నాకు.

అంతటితో ఆగానా? చిన్నమ్మ నాకు తెలియకుండా నీళ్లు పెడుతుందేమోనని స్టార్టరు డబ్బాకు తాళమేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. పిచ్చోడి చేతిలో రాయైతే ఒక తలే పగులుతుంది, తాళంచెవైతే తోటంతా పోతుంది.

రెండో రోజు చిన్నమ్మ అంది, "ఆకులు వాడుతున్నయ్ కొడుకా. జర మోటరెయ్యనియ్యి."

"ఫోన్ల తడి ఫుల్లుగున్నది. ఫికర్ చెయ్యకు."

మూడో రోజు, "పూత రాలుతాందిరా!"

"ఎండకు గట్లనే ఉంటది చిన్నమ్మా. మిషిన్ అబద్ధమాడదు."

"మరి చెట్లు అబద్ధమాడుతున్నయా?"

దానికి నేనొక నవ్వు నవ్వాను, నాలుగు ముక్కలు చదివినవాడు నవ్వే నవ్వు. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాలుగో రోజు మధ్యాహ్నానికి తోట ఉడకబెట్టిన తోటకూరలా పడిపోయింది. ఫోన్లో మాత్రం తడి నిండుగా ఉంది! నేను వేపచెట్టు కింద అన్నం తిని, ఎప్పటిలాగే కూర్చున్నచోటే చెయ్యి కడిగి, టిఫిన్ డబ్బా తొలిచి, నీళ్లు పక్కన పారబోశాను. చిన్నమ్మ నన్నే చూస్తోంది.

"రోజూ గీడనే కడుగుతున్నవారా?"

"అవ్. ఏమైంది?"

ఆమె వేలు చూపింది. నా ఎంగిలి నీళ్లు మెతుకులతో సహా మీటరు మొదట్లోకి ఇంకుతున్నాయి. తోటంతా దాహంతో చస్తుంటే నాలుగు రోజులుగా అదొక్కటే కడుపునిండా తాగింది.

జేబులోంచి తాళంచెవి తీసి చిన్నమ్మకిచ్చాను. మోటరేశాం. చెట్లు సగం లేచాయి గానీ రాలిన పూత తిరిగి రాదు కదా. చిన్నమ్మ తిట్టినా బాగుండేది. తిట్టలేదు. పిడికెడు మట్టి నా చేతిలో పెట్టి, "పిసుకు. ముద్దయితే తడున్నట్టు, పొడైతే నీళ్లియ్యాలె. గింతే" అంది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

అప్పుడే పక్క చేను మామ గట్టు మీద ఆగాడు. "గిదేంది సెల్లె, తోట గిట్లయింది? ఏం తెగులు?"

చిన్నమ్మ నావైపొకసారి చూసింది.

"ఏమో అన్నా, వరంగల్ నుంచి అచ్చింది. సెలవులైపోతే దానంతటదే పోతదట."

అందుకే పంచభూతాల సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇకమీదట ఎవరికైనా నీళ్ల లెక్క చెప్పేముందు వంగి పిడికెడు మట్టి పిసుకుతాను. చెయ్యి మాత్రం ఇంటికెళ్లి కడుక్కుంటాను.