సత్తి కుడిచేతి మచ్చ

నిన్న ఉదయం స్నానం చేసి, దేవుడి గూట్లో దీపం వెలిగించి, పాలు పొయ్యి మీద పెట్టాను. వాకిట్లో ముగ్గు ఇంకా తడిగానే ఉంది.

ఫోన్. సత్తి కూతురు.

"పెద్దమ్మా, అమ్మ లెగడం లేదు."

పాలు పొంగిపోయాయి. చూస్తూ నిలబడ్డాను.

నా చిన్న చెల్లెలు సత్యవతి ఇక లేదు. హార్ట్ ఎటాక్ అన్నారు.

దాని కుడి ముంజేతి మీద పచ్చబొట్టు ఉండేది. చిన్నప్పుడు శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి గుడికి తీసుకెళ్లి నాయనమ్మ పొడిపించింది. "బంగారం ఇక్కడే ఉండిపోతాది. ఇదొక్కటే నీతో వస్తాది" అనేది.

కూతురి పెళ్లి కుదిరాక దాన్ని తీయించుకోమన్నది నేనే. ఫోటోల్లో మోటుగా ఉంటుందన్నాను.

విజయనగరంలో లేజర్‌తో పచ్చబొట్లు తీసే ఒక పార్లర్. డాక్టర్ లేడు. ముందు కాస్త చోట టెస్ట్ చేసి చూడనైనా లేదు. "ఎవరికైనా ఇదే సెట్టింగ్ అమ్మా" అంది అక్కడి పిల్ల.

మాది నలుపు. బొబ్బలెక్కింది, చీము పట్టింది. మానాక చూస్తే సిరాతో పాటు చర్మం రంగూ పోయింది. పచ్చబొట్టు ఉన్నంత మేరా తెల్లమచ్చ. నల్లటి ఒంటికి వేరే లేజర్ వాడాలని, నెమ్మదిగా చేయాలని తర్వాత స్కిన్ డాక్టర్ చెప్పారు.

తర్వాత.

పెళ్లి భోజనాల్లో సత్తి పప్పు వడ్డిస్తుంటే, మాకు వదిన వరస ఒకావిడ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ సేత్తో వద్దే సత్తీ. బొల్లి కదేటి?"

"కాల్నాది వదినా. అయినా అంటుకుంటే నీకే మంచిది, తెల్లగైపోతావు."

పంక్తి అంతా నవ్వింది. బొల్లయినా అంటుకోదని ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు.

ఆ రోజు తర్వాత సత్తి ఎవరికీ వడ్డించలేదు. రోహిణి ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ జాకెట్టే.

నిన్న దానికి ఆఖరి స్నానం చేయిస్తుంటే ఆ వదినే పొడుగు చేతుల జాకెట్టు తెచ్చింది. "సేతులు కప్పండే, జనం సూస్తారు."

రోత పుట్టింది నాకు. ఆవిడ మీద, ఆ పార్లర్ మీద. అంతకంటే నా మీద.

బంగారం అంతా తీశాం. వెంట వెళ్లాల్సిన ఆ ఒక్కటీ ఎప్పుడో కాల్చేశాం.

సాయంత్రం అందరం కూర్చున్నాం. పెద్దకర్మకి పెట్టే ఫోటోలో ఆ మచ్చ చెరిపేసి ఇస్తానన్నాడు స్టూడియో ఆయన. వద్దన్నాం. పెళ్లిలో గరిటె పట్టుకుని నిలబడ్డ ఫోటోయే పెడతాం, మచ్చతో సహా. భోజనానికి వచ్చేవాళ్లు దాని ఎదురుగా కూర్చునే తినాలి.

వెళ్లిరావే సత్తీ. నీ ఆత్మ చల్లగా ఉండాలి.

కూర్మనాథస్వామి ఆ చెయ్యే పట్టుకుని నిన్ను తీసుకెళ్లాలి.