ఇరవై ఆరు డిగ్రీల హాలు

ఆ సభాభవనంలో పనిచేసేవాళ్లలో సగం మందికి ఆయన అసలు పేరు తెలియదు. అందరికీ ఆయన చలి బాబాయ్. పైన రెండు వేల మంది పట్టే హాలు, దాని కింద నేలమాళిగలో ఏసీ యంత్రాల గది. ఇరవై రెండేళ్లుగా ఆయన ఆ గదిలోనే ఉన్నాడు. నీళ్లను చల్లబరిచి పైకి పంపే యంత్రాలు రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, గోడ పొడవునా లావుపాటి గొట్టాలు, మూలన ఒక బల్ల, బల్ల మీద గళ్ల పుస్తకం. గంటకోసారి లేచి మీటర్లు చూసి అంకెలు ఎక్కించేవాడు. యంత్రాల చప్పుడులో ఉండి ఉండి, బయట కూడా కాస్త అరిచినట్టే మాట్లాడేవాడు.

నేను ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. వాతావరణ మార్పుల మీద ఆ భవనంలో ఏటా మూడు రోజుల సదస్సు జరుగుతుంది. ఆ ఏడాది సదస్సునే పర్యావరణానికి మేలు చేసేలా నడపాలని హరిత కమిటీ ఒకటి వేసి, అందులో నన్నూ చేర్చారు. పేపరు కప్పులు, గుడ్డ సంచులు, నీళ్ల సీసాల పనికి అందరూ ఎగబడ్డారు. అవి ఫొటోలో బాగా పడతాయి. కరెంటు ఎవరి కంటికీ కనబడదు కాబట్టి అది నాకు మిగిలింది. ముందటేడు లెక్కలు తిరగేస్తే, సదస్సు వాడిన కరెంటులో సగానికి పైగా ఆ నేలమాళిగలోనే ఖర్చయిందని తేలింది. అలా మెట్లు దిగి వెళ్లాను.

"పోయినేడు ఎన్ని డిగ్రీలు పెట్టారు బాబాయ్ హాల్లో?" అని అడిగాను.

"ఇరవై. కొందరు పద్దెనిమిది అన్నారు. కోట్లు తొడుక్కొస్తారు కదమ్మా. కోటు విప్పమని చెప్పేవాడు లేక ఊరంత హాలు చల్లబెడతాం."

"ఇరవై ఆరు పెడితే?"

ఆయన నవ్వలేదు. గళ్ల పుస్తకం వెనక్కి తిప్పి చూపించాడు. అంకెల పక్కన చిన్న అక్షరాలతో ఏవో రాసుకున్నాడు: 'ముందు వరసలు ఖాళీ', 'తలుపులు తీసి ఉంచారు', 'వాన'. ఎంతమంది వచ్చారో కూడా ఉంది.

"మనుషులు కుంపట్లమ్మా. వచ్చిన కుంపట్లను బట్టి నడపాలి గానీ, గోడ మీద అంకెను బట్టి కాదు. ఇరవై ఆరు పెట్టొచ్చు. కాకపోతే పొద్దున్నే బయటి చల్లగాలి నింపి పెట్టుకోవాలి. భోజనాలకు లేచినప్పుడు పెద్దదాన్ని ఆపాలి. కంటికి రెప్పలా చూసుకోవాలి."

కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు వంద వాట్ల వేడి వస్తుందని నేను ఏటా పిల్లలకు చెప్తాను. ఆయన ఆ పాఠం చదవకుండానే రెండు దశాబ్దాలుగా దాని మీదే బతుకుతున్నాడు.

అక్కడే ఇంకో మాట చెప్పాడు. భవనం వాళ్లు ఆ గదిని వేరే ఊళ్లో ఉన్న ఒక కంపెనీకి అప్పగించే ఆలోచనలో ఉన్నారట. వాళ్లు కంప్యూటర్లతో దూరం నుంచే నడుపుతారు, గదిలో మనిషి అక్కర్లేదు. సదస్సు అయ్యాక తేలుస్తామని మేనేజరు అన్నాడు.

"నాకు యాభై నాలుగు. ఇంకో చోట నన్నెవరు పెట్టుకుంటారు? మీ పిన్ని నడుం నొప్పితో కుట్టుమిషన్ మానేసి ఏడాదైంది," అన్నాడు, గొట్టం మీద చెమ్మ తుడుస్తూ.

నేను ఉత్సాహం కొద్దీ మాట ఇచ్చేశాను. మూడు రోజుల మీటరు లెక్క ముందటేడుతో పోల్చి నివేదిక రాసేది నేనే. ఐదో వంతు తగ్గినా, అది మనిషి దగ్గరుండి నడిపినందువల్లే తగ్గిందని గట్టిగా రాస్తాను అన్నాను.

"రాస్తావు కదూ?" అన్నాడు. అప్పటిదాకా మీరు అన్నవాడు నువ్వులోకి దిగాడు.

మొదటి రోజు తెల్లవారగానే వచ్చి బయటి గాలి లోపలికి వచ్చే తలుపులు తెరిచాడు. జనం వచ్చే వేళకు మూసేశాడు. పది దాకా చిన్న యంత్రం, ఆ తర్వాత దానికి తోడు పెద్దది. ఒంటిగంటకు అందరూ భోజనాలకు లేవగానే, హాలు ఖాళీ అయ్యాక పెద్దదాన్ని ఆపి, అరగంట తర్వాత మళ్లీ లేపాడు. మధ్యమధ్యలో పైకి వచ్చి చివరి వరసలో కూర్చునేవాడు. నేనూ పక్కన కూర్చున్నాను.

"ఏం చూస్తున్నారు బాబాయ్? ఉపన్యాసం అర్థమవుతోందా?"

"అది నీకే అవ్వదు, నాకేం అవుతుంది? చేతులు కట్టుకుని ముడుచుకుంటే చలి వేస్తున్నట్టు. కాగితాలతో విసురుకుంటే ఉక్క. అదిగో, ఆ మూడో వరస పెద్దాయన చూడు. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అంటే సరిగ్గా కుదిరింది."

నాకు నవ్వు ఆగలేదు. ముందు వరసలోంచి ఎవరో తిరిగి ఉరిమి చూశారు.

రెండో రోజు ఒకే ఒక్క ఫిర్యాదు వచ్చింది, అదీ మైకు గురించి. సాయంత్రం ఇద్దరం కలిసి మీటరు చూశాం. ముందటేడు కంటే నాలుగో వంతు దాకా తక్కువ. ఆయన గళ్ల పుస్తకంలో ఆ అంకె కింద రెండు గీతలు గీశాడు. "ఇరవై రెండేళ్లలో గీత గీసిందే లేదు," అన్నాడు.

మూడో రోజు ముఖ్య అతిథి ప్రసంగం. భోజనం తర్వాత, రెండు గంటలకని అచ్చు వేశారు.

ఒంటిగంట దాటి ఐదు నిమిషాలకు మా అత్తయ్య ఫోన్ చేసింది. పాపకు పదకొండు నెలలు. పొద్దున నేను బయల్దేరేటప్పుడే ఒళ్లు కాస్త వెచ్చగా అనిపించింది. "నూట రెండు చూపిస్తోంది. పాలు కక్కేసింది," అంది అత్తయ్య. తడిగుడ్డ వేశారా, మందు ఎన్ని చుక్కలు పోశారు, కళ్లు తెరుస్తోందా అని ఒకదాని మీద ఒకటి అడుగుతున్నాను. ఫోన్ చెవి దగ్గర ఉండగానే చిన్నగా అదిరింది. తీసి చూశాను. కమిటీ వాళ్ల మెసేజ్: ముఖ్య అతిథి విమానం ముందుకు జరిగింది, ఒకటీ ఇరవై ఐదుకే సభ మొదలవుతుంది, అందరూ తమ తమ విభాగాలకు తెలియజేయాలి.

చదివాను. కిందికి చెప్పాలి అనుకున్నాను కూడా. ఈలోగా అవతల పాప ఏడుపు వినిపించింది. ఫోన్ మళ్లీ చెవికి ఆనించాను.

ఒకటీ పదికి బాబాయ్ రోజూలాగే పెద్ద యంత్రాన్ని ఆపేశాడు.

నేను తేరుకుని హాల్లోకి వెళ్లేసరికి అందరూ కూర్చుని ఉన్నారు. అన్నాలు తిని, ఆదరాబాదరా మెట్లెక్కి వచ్చిన రెండు వేల మంది. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ముఖ్య అతిథి కోటులో ఉన్నాడు. ఐదు నిమిషాలకే ముందు వరసలో కార్యక్రమ పత్రాలు విసనకర్రలయ్యాయి. మెట్ల మీద పరుగెత్తాను.

నాకంటే ముందే మేనేజరు అక్కడ ఉన్నాడు.

"పైన జనం ఉడికిపోతున్నారు. లేపు దాన్ని!"

"ఇంకో ఎనిమిది నిమిషాలు సార్. ఆపిన అరగంట దాకా దాన్ని లేపకూడదు. మోటారు వేడి మీద ఉంది, కాలిపోతుంది."

"బటన్ నొక్కడానికి ఎనిమిది నిమిషాలా?"

"నొక్కడానికి క్షణం చాలు సార్. కాలిపోవడానికీ అంతే."

"నీ సొంత యంత్రంలా మాట్లాడతావేంటయ్యా? నేను చెప్తున్నాను, నొక్కు."

బాబాయ్ చేతిగడియారం వంక చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత పక్కకు జరిగి దారి ఇచ్చాడు. "మీరే నొక్కండి సార్. ఎవరు నొక్కారో, ఎన్ని గంటలకు నొక్కారో పుస్తకంలో రాస్తాను. అంతే."

మేనేజరు నొక్కలేదు. బటన్ దాకా చెయ్యి పోయింది గానీ వెనక్కి వచ్చింది. ముఖం కందగడ్డలా చేసుకుని మెట్లెక్కాడు. ఒకటీ నలభైకి బాబాయ్ పెద్దదాన్ని లేపాడు. అది మెల్లగా అందుకుంది. హాలు చల్లబడటానికి ఇంకో పావుగంట పడుతుంది.

ఈలోగా పైన ముఖ్య అతిథి రుమాలుతో మెడ తుడుచుకుని మైకులో అన్నాడు: "భూమి వేడెక్కుతోందని మాట్లాడమంటే వచ్చాను. ఇంత శ్రద్ధగా చూపిస్తారని అనుకోలేదు." హాలంతా ఘొల్లుమంది. చప్పట్లు కూడా కొట్టారు. మర్నాడు పేపర్లలో సదస్సు తీర్మానాలు ఎక్కడో మూల పడ్డాయి. ఆ జోకు మాత్రం అన్నింట్లోనూ వచ్చింది.

సాయంత్రం నేను మేనేజరు దగ్గరకు వెళ్లి జరిగింది చెప్పాను. మెసేజ్ నాకు వచ్చిందని, పెద్ద యంత్రం ఆపకముందే వచ్చిందని, కిందికి చెప్పనిది నేనేనని. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మీ తప్పేం లేదు మేడమ్. ఇంట్లో పసిపిల్ల ఉంది, ఎవరైనా అంతే. అందుకే కదా కంప్యూటర్ పెడుతోంది. దానికి పిల్లలుండరు. టైము మారితే దానంతట అదే సర్దుకుంటుంది."

నా ఒప్పుకోలు కూడా బాబాయ్ మెడకే చుట్టుకుంది. కింద గదిలోకి వెళ్లి ఆయనకు కూడా చెప్పాను.

"పాపకు తగ్గిందా?" అని ముందు అడిగాడు.

"తగ్గింది. నూటికి దిగింది."

ఆయన తల ఊపాడు. గళ్ల పుస్తకంలో అంకెలు ఎక్కించడం ముగించి, కలం మూత పెట్టి అప్పుడు అన్నాడు. "చెప్పి ఉండాల్సిందమ్మా." తిట్టి ఉంటే బాగుండేది.

మూడు రోజులకు మొత్తం లెక్క తేలింది. ముందటేడు కంటే ఇరవై మూడు శాతం తక్కువ. పెద్ద యంత్రం చెక్కుచెదరలేదు. నివేదిక పదకొండు పేజీలు రాశాను. ఇది మనిషి చేసిన పని, అనుభవం ఉన్న మనిషి దగ్గరుంటేనే సాధ్యం, మూడో రోజు లోపం సమాచారం అందించడంలోనిది, ఆ లోపం నాది, అని ఎక్కడా నీళ్లు నమలకుండా రాశాను. పిల్లను పక్కన పడుకోబెట్టుకుని మూడుసార్లు తిరగరాశాను.

నెల తర్వాత భవనం వాళ్ల ప్రకటన వచ్చింది. నా నివేదికలోంచి ఒకే ఒక్క అంకె తీసుకున్నారు. చేత్తో నడిపితేనే ఇరవై మూడు శాతం మిగిలితే, కంప్యూటర్‌తో ఇంకెంత మిగులుతుందో ఊహించవచ్చని అందులో ఉంది. యంత్రాల గదిని కంపెనీకి అప్పగించారు. కింద కృతజ్ఞతలు చెప్పినవాళ్లలో హరిత కమిటీ కూడా ఉంది.

వెళ్లేముందు మూడు వారాలు ఆయన కంపెనీ మనుషులిద్దరికి పని నేర్పాడు. ఇరవై రెండేళ్ల గళ్ల పుస్తకాలు ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ చెప్పాడు. వాన పడితే ఏం చెయ్యాలి, ముందు వరసలు ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలి, పెద్దదాన్ని ఎంతసేపు ఆగి లేపాలి. వాళ్లు కంప్యూటర్‌లో కొట్టుకున్నారు.

"అంతా ఎందుకు చెప్తున్నారు బాబాయ్? మీ కడుపు మీరే కొట్టుకుంటున్నారు," అన్నాను ఉండబట్టలేక.

"ఎలాగూ నన్ను ఉంచరు. తప్పు చెప్తే పాడయ్యేది యంత్రం కదా. దానికేం పాపం తెలుసు?"

నాలుగు నెలల తర్వాత వాళ్లింటికి వెళ్లాను. రెండు చిన్న గదుల అద్దె ఇల్లు. మా కాలేజీలో ఆయనకేదైనా పని దొరుకుతుందేమోనని ఈలోపు కాళ్లరిగేలా తిరిగాను. మా దగ్గర ఉన్నవన్నీ గోడకు తగిలించే ఏసీలే. వాటికి మనిషి ఎందుకని అడిగారు. ఆ మాట ఆయనకు చెప్పడానికే వెళ్లాను.

పిన్ని మళ్లీ కుట్టుమిషన్ దగ్గర కూర్చుని ఉంది, నడుం వెనక దిండు పెట్టుకుని. ఎవరివో స్కూలు యూనిఫారాలు కుప్పగా పడి ఉన్నాయి.

"రామ్మా. మీ బాబాయ్‌ని చూశావా, కిటికీ దగ్గర కాపలా కాస్తున్నాడు. ఎప్పుడు తెరవాలో ఎప్పుడు ముయ్యాలో ఆయనే చెప్తాడు. ఇంటికొచ్చిన చుట్టాన్ని కూడా కుంపటి కింద లెక్కేస్తాడు," అంది. దారం నోట్లో ఉండగానే నవ్వింది. ఆయన నవ్వలేదు.

కాలేజీ సంగతి చెప్పాను. "పోన్లే. నువ్వు మాత్రం ఏం చేస్తావు," అన్నాడు. ఇప్పుడు ఆయన మెల్లగా మాట్లాడుతున్నాడు. వినడానికి నేను ముందుకు వంగాల్సి వచ్చింది.

పాప గురించి అడిగాడు. నడుస్తోందని చెప్పాను.

"హాల్లో ఇప్పుడు ఎంత పెడుతున్నారమ్మా?"

నాకు తెలుసు. ఆ వారమే ఏదో సభకు వెళ్లి చున్నీ చుట్టుకుని కూర్చున్నాను. ఆ జోకు తర్వాత ఎవరూ సాహసం చేయదలచుకోలేదు. కంపెనీకి ఒకే ఒక అంకె ఇచ్చారు, ఏడాది పొడవునా అదే. జనం ఉన్నా లేకపోయినా రెండు యంత్రాలూ నడుస్తున్నాయి.

అబద్ధం చెబుదామా అనుకున్నాను. ఆయన నా ముఖం వంకే చూస్తున్నాడు.

"ఇరవై," అన్నాను.

ఆయన తల ఊపాడు. పిన్ని మిషన్ ఆపి ఆయన వంక చూసి, మళ్లీ మొదలుపెట్టింది. కుట్టిన చొక్కా ఒకటి కిందికి జారింది. ఆయన వంగి దాన్ని తీసి, మడత పెట్టి, మిగతా వాటి మీద పెట్టాడు. తర్వాత ఇంకొకటి తీసుకుని మడవడం మొదలుపెట్టాడు.